శిక్ష పడిన పిమ్మట

గడచిన కార్తికమాసములో ఒకనాటి సాయంకాలము గౌతమీతీరమందలి లంకగ్రామము నుండి నాకు చిరకాలముగా తెలిసిన రైతొకడు మా యింటికి వచ్చి, చేతిసంచిలోని తీర్పునకలు తీసి అరుగుమీద పెట్టెను. గట్టు తగవులో జరిగిన కొట్లాటకు అతని అల్లునికి మేజిస్ట్రేటు కోర్టువారు రెండేండ్ల శిక్ష విధించి జైలునకు పంపిరి. అప్పీలు చేయవలెనని ఇంటిల్లిపాదియు అనుకొన్నవారే. అయితే వకీలుగారి రుసుమునకు కొబ్బరి దింపు డబ్బు చేతికి రావలెను గదా యని ఆగిరి. దింపు ముగిసెను, డబ్బు వచ్చెను. ఈలోపల తీర్పు చెప్పి 70 దినములు గడచెను. గడువు 30 దినములేనని అతనికి అప్పుడు తెలిసెను.

“మేష్టారండీ, తీర్పు తప్పయితే ముప్పై రోజులకీ తప్పే, మూడొందల రోజులకీ తప్పే కదండీ! తప్పుకి గడువేమిటండీ?” అని నన్నడిగెను.

ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే ఉత్తరము తోచలేదు. అతడు పోయిన పిమ్మట చాల దినములు దానినే తలపోయుచుంటిని. ఆ తలపోతయే నేటి ఈ ప్రసంగము.

ప్రశ్న మిక్కిలి పాతది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున రెండు శ్లోకములు ఒకదాని ప్రక్క నొకటి కలవు. ధర్మానుసారముగా తీర్పు ముగిసి దండనము కూడ విధింపబడిన వ్యవహారమును మరల త్రిప్పరాదని మొదటిది చెప్పును. దానిని వెన్నంటి వచ్చు శ్లోకము, మంత్రి గాని ప్రాడ్వివాకుడు గాని వ్యవహారమును అన్యథాగా తీర్చినయెడల రాజు స్వయముగా దానిని మరల చూడవలెననియు, అట్లు తీర్చినవారికి వేయి దండుగ వేయవలెననియు చెప్పును. నేను చదువుకొను దినములలో ఈ రెండును పరస్పర విరుద్ధములు గదా యని గురువుగారితో వాదించితిని. ఆయన నవ్వి, “త్రాసునకు రెండు తట్టలుండునా, ఒకటే యుండునా?” అని నన్నే అడిగిరి.

యాజ్ఞవల్క్యుడు ఇంకను వివరముగా చెప్పెను. న్యాయముగానే ఓడిపోయియు తాను ఓడలేదనుకొని మరల వచ్చువానిని, మరల ఓడించి రెట్టింపు దండుగ గొనవలెను. రాజు పునర్విచారణ చేయగా తీర్పే చెడ్డదని తేలినచో, ఆ దండుగ గెలిచినవానిపైనను తీర్పు చెప్పిన సభ్యులపైనను పడును. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. తిక్కనగారి కాలమువాడగు కేతన విజ్ఞానేశ్వరీయమును తెలుగు చేసెను గనుక, మనవారికి ఈ వ్యవహారధర్మములు ఏడువందల యేండ్లకు పైబడి తెలుగుననే లభించుచున్నవి. తప్పు తీర్పు చెప్పినవానికి దండుగ యను మాట ఇప్పటి చట్టములలో లేదు. ఉన్నచో న్యాయాధిపతి యుద్యోగమునకు అర్జీలు పెట్టువారు తగ్గిపోవుదురేమో!

ఇంగ్లీషువారు వచ్చిన పిమ్మట తలుపులు వేరయ్యెను, తాళములు వేరయ్యెను. 1775వ సంవత్సరమున కలకత్తాలో మహారాజ నందకుమారునికి కూటపత్రము కల్పించెనను నేరముమీద అచటి సుప్రీంకోర్టువారు ఉరిశిక్ష విధించిరి. ఆ కోర్టును స్థాపించిన రాజశాసనమునందు ఇంగ్లండు రాజుగారి సభకు అప్పీలు పోవుటకు దారి లేకపోలేదు. కాని నేరముల విషయమున ఆ దారి తెరచుటయు మూయుటయు శిక్ష విధించిన కోర్టు చేతనే యుంచిరి. వారు తెరువలేదు. ఆగస్టు 5వ తేదీన నందకుమారుని ఉరితీసిరి. తీర్పు చెప్పినవానినే, నీ తీర్పుమీద పైకి పోవచ్చునా యని అడుగవలసివచ్చుట ఎట్టిదో ఈ కథ చెప్పును.

మన గోదావరి మండలమువారికి 1862 ఆగస్టు 15వ తేదీనుండి పై న్యాయస్థానము చెన్నపట్టణపు హైకోర్టు. జిల్లా సెషన్సు న్యాయాధిపతి ఉరిశిక్ష విధించినచో, హైకోర్టు ధ్రువపరచిన గాని అది అమలు జరుగరాదని క్రిమినల్ ప్రొసీజరు కోడులో చేర్చిరి. ఇది చాల మంచి ఏర్పాటు, నేటికిని నిలిచియున్నది. ముద్దాయి నోరు తెరువకున్నను, వానికి దిక్కెవ్వరును లేకున్నను ఆ కాగితములు హైకోర్టునకు పోయితీరవలెను. అయితే ముద్దాయి తానుగా అప్పీలు చేసికొనదలచినచో, 1908 నాటి కాలపరిమితి చట్టము ఉరిశిక్ష పడినవానికి ఇచ్చిన గడువు 7 దినములు. ఇతర శిక్షలు పడి హైకోర్టునకు పోవువానికి 60 దినములు. ఉరిశిక్షల కాగితములు త్వరగా తేలవలెనని వారి యుద్దేశమై యుండును. కాని కాలువపడవలమీద రాకపోకలు సాగిన ఆ దినములలో, లంకలోని తల్లిదండ్రులకు తీర్పు సంగతి తెలిసి, నకలు చేతికి వచ్చి, వకీలు దొరకుసరికి 7 దినములు ఎక్కడికి వచ్చును? 1963 నాటి చట్టము ఆ 7 దినములను 30 చేసెను.

హైకోర్టునకు పైన లండనులో ప్రీవీ కౌన్సిలు ఉండెడిది. భూముల వ్యాజ్యములు, దత్తత వ్యాజ్యములు మన జమీందారులు అచటికి తరచుగా కొనిపోయెడివారు. నేరముల సంగతి వేరు. 1887లో మధ్య అమెరికాలోని బ్రిటిష్ హాండూరాసు నుండి వచ్చిన డిల్లెట్ అనువాని వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలువారు తమ నియమమును చెప్పిరి. తాము నేరవిషయములకు అప్పీలు కోర్టు కాము. న్యాయవిధానమునే త్రోసిపుచ్చియో, సహజన్యాయమునకు భంగము కలిగించియో ఘోరమైన అన్యాయము జరిగిననే తప్ప చేయిపెట్టము అని దాని సారాంశము. చదువునప్పుడు ఈ నియమము నిర్జీవముగా తోచును. మన పొరుగుననే జరిగిన కథ నొకదానిని చెప్పినచో దాని బరువు తెలియును.

పిఠాపురమున దివానుగారి కొలువులో బంట్రోతుగా పనిచేసిన నలువదియేండ్ల మనుష్యుడొకడుండెను. దివానుగారి కుమార్తె భర్తతో బరంపురమున కాపురముండెను. ఆమె ఈ బంట్రోతు నుండి 1936 ప్రాంతమున 3000 రూపాయలు, నూటికి 18 రూపాయల వడ్డీకి అప్పు తీసికొనెను. 1937 మార్చి 20వ తేదీన అతనికి బరంపురము రమ్మని సంతకము లేని జాబొకటి వచ్చెను. బాకీ తీర్చెదరట, పోయివచ్చెదనని భార్యతో చెప్పి మరునాడు రైలెక్కెను. 23వ తేదీన పూరీ స్టేషనులో మూడవ తరగతి పెట్టెయందు ఎవరును తీసికొనని ఇనుపట్రంకు ఒకటి దొరకెను. అందులో ఏడు ముక్కలుగా నరికిన అతని శవముండెను. భార్య వచ్చి గుర్తించెను.

దివానుగారి అల్లునిమీద హత్యానేరము మోపిరి. ఇదియే న్యాయశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేటికిని చదువు పాకాల నారాయణస్వామి వ్యాజ్యము. బరంపురము అంతకు ఒక సంవత్సరము పూర్వము వరకు మన చెన్నరాజధానిలోనిదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడగా అటు చేరెను. దానికి హైకోర్టు పాట్నా. ఆ కారణముచేత ఈ తెలుగువారి వ్యాజ్యము చెన్నపట్టణము పోవుటకు మారుగా పాట్నా పోయెను. సెషన్సు కోర్టు విధించిన ఉరిశిక్షను పాట్నా హైకోర్టు ధ్రువపరచెను. అటుపిమ్మట లండను పోయెను.

1939 జనవరి 19వ తేదీన లార్డు ఆట్కిన్ తీర్పు చదివెను. ముద్దాయి, అరెస్టునకు పూర్వము, మృతుడు తన యింటికి వచ్చిన మాట నిజమేననియు, ఒక రాత్రియుండి మరునాడు సాయంకాలము వెడలిపోయెననియు పోలీసులతో చెప్పియుండెను. ఆ మాటను క్రింది కోర్టులు సాక్ష్యముగా గైకొనిరి. అట్లు గైకొనుట చట్టరీత్యా తప్పని ప్రీవీ కౌన్సిలు తేల్చెను. పోలీసుల దర్యాప్తులో ఎవడైనను చెప్పిన మాట, వాడు పిమ్మట ముద్దాయియైనను, వానిపై ప్రయోగింపరాదను గొప్ప సూత్రము ఈ తీర్పువలననే స్థిరపడెను. ఇంతవరకు విన్నవాడు ముద్దాయి గెలిచెననుకొనును. గెలువలేదు. ఆ మాటను తీసివేసినను మిగిలిన సాక్ష్యము శిక్షకు చాలునని చెప్పి అప్పీలును కొట్టివేసిరి. చట్టము విషయమున అతని వాదమే నెగ్గెను; శిక్ష మాత్రము ఉన్నచోటనే యుండెను. వేలాదిమంది ముద్దాయిలను తరువాత కాపాడిన సూత్రము, దానిని వాదించి సాధించినవానికి మాత్రము అక్కరకు రాలేదు.

శిక్ష పడిన పిమ్మట విన్నపమునకు ఇది మొదటి మేర. తప్పు దొరకినంత మాత్రమున చాలదు. ఆ తప్పువలన న్యాయము తారుమారైనదని కూడ చూపవలెను. మా లంకరైతు, తీర్పులో ఒక సాక్షి ఊరిపేరు తప్పుపడినదని వేలుపెట్టి చూపెను గాని, దానివలన శిక్ష కదలదని చెప్పుటకు నాకు నోరాడలేదు.

రెండవ మేర తేదీలకు సంబంధించినది. దానిని తెలిసికొనుటకు గోదావరి దాటి హైదరాబాదు సంస్థానమునకు పోవలెను.

1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించిన పిమ్మట జనరల్ చౌధురి సైనిక గవర్నరయ్యెను. తెలంగాణమున భూస్వాములకును నైజాము ప్రభుత్వమునకును ఎదురు తిరిగిన రైతుల సాయుధపోరాటము అప్పటికిని సాగుచుండెను. పట్టుబడినవారిని విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యూనళ్లను నియమించిరి. 1949 ఆగస్టులో అట్టి ట్రిబ్యూనళ్లు మూడు వ్యాజ్యములలో హత్యానేరములపై 12 మందికి ఉరిశిక్ష విధించెను. వారిని లోకము తెలంగాణ పండ్రెండుగురని పిలిచెను. వారు అప్పీలు చేసికొనగా హైదరాబాదు హైకోర్టు డిసెంబరు 12, 13, 14 తేదీలలో కొట్టివేసెను.

ఇక్కడ కొంచెము పంచాంగము చూడవలెను. డిసెంబరు 14వ తేదీకిని, భారతరాజ్యాంగము అమలులోనికి వచ్చిన 1950 జనవరి 26వ తేదీకిని నడుమ 43 దినములు. జనవరి 26వ తేదీనాడు హైదరాబాదు భారతభూభాగములో చేరెను. దాని హైకోర్టు భారతదేశపు హైకోర్టాయెను. దానిపైన ఢిల్లీలో సుప్రీంకోర్టు వెలసెను. రాజ్యాంగము 136వ అధికరణము, భారతభూభాగమందలి ఏ న్యాయస్థానపు తీర్పుమీదనైనను ప్రత్యేకానుమతి నిచ్చి అప్పీలు వినుటకు సుప్రీంకోర్టునకు అధికారమిచ్చినది. ఈ తలుపు తెరచుకొన్నదని విని ఆ పండ్రెండుగురి పక్షమువారు పోయి తట్టిరి.

1950 డిసెంబరు 14వ తేదీన సుప్రీంకోర్టు ఉత్తరము చెప్పెను. హైదరాబాదు హైకోర్టు తీర్పు చెప్పిన దినమున అది భారతభూభాగములోని న్యాయస్థానము కాదు. రాజ్యాంగము ముందునకు చూచునే గాని వెనుకకు చూడదు. అప్పటి సంస్థానపు చట్టము ప్రకారము పైకి పోవలసిన చోటు హైదరాబాదులోనే యున్న జుడిషియల్ కమిటీ. ఆ కమిటీయెదుట విచారణలో మిగిలియున్న అప్పీళ్లను సుప్రీంకోర్టునకు బదలాయించుటకు రాజ్యాంగములో ఏర్పాటుండెను గాని, వీరిది అట్లు మిగిలియున్నది కాదు. కాబట్టి అప్పీలు వినుటకు తమకు అధికారము లేదు. తీర్పు తప్పనిగాని ఒప్పనిగాని వారు చెప్పలేదు. దానిలోనికి పోవు దారియే లేదనిరి. అదే హైకోర్టు అదే తీర్పును 43 దినములు ఆలస్యముగా చెప్పియుండినచో తలుపు తట్టుటకైనను వీలుండెడిది. కోర్టులు ఆలస్యము చేయుచున్నవని నిత్యము గొణుగుకొను మనకు, ఆలస్యమే వరమై యుండెడిదని చెప్పుకొనదగిన వ్యాజ్యమిది.

వారు ఊరుకొనలేదు. రెండవసారి వేరొక తలుపు తట్టిరి. పౌరుని ప్రాథమికహక్కునకు భంగము కలిగినచో నేరుగా సుప్రీంకోర్టునకు పోవుటకు 32వ అధికరణము వీలు కల్పించినది. అన్యాయముగా బంధించినవానిని కోర్టుయెదుటికి తెచ్చి, బంధించుటకు కారణము చెప్పుమని అధికారిని నిలదీయు ఆజ్ఞను హెబియస్ కార్పస్ అందురు. ఈ ఆజ్ఞను కోరుచు పండ్రెండుగురును విన్నవించుకొనిరి. ఇంగ్లండు నుండి ప్రిట్ అను ప్రఖ్యాతన్యాయవాది వచ్చి వాదించెను. ఈయనయే తరువాత కెన్యా దేశమున జోమో కెన్యాట్టా పక్షమున నిలిచినవాడు. ఉరిశిక్ష పడదగిన విచారణలో ముద్దాయిలకు న్యాయవాది సహాయము లభింపలేదనునది వారి ముఖ్యవాదములలో నొకటి.

1951 మార్చి 16వ తేదీన న్యాయమూర్తి ఫజల్ అలీ తీర్పు చెప్పెను. అధికారముగల న్యాయస్థానము విధించిన శిక్షచేత ఖైదీగా నున్నవాడని జైలువారు చూపినచో హెబియస్ కార్పసునకు అదియే చాలిన ఉత్తరము. ఆ కోర్టునకు అసలు అధికారమే లేదని చూపిన గాని, విచారణలోని లోపములను త్రవ్వి శిక్ష వెనుకకు పోవుట ఈ ఆజ్ఞతో కుదరదు. న్యాయవాది లేకుండుట విచారణలో లోపము కావచ్చును గాని, దానివలన ఆ విచారణ అధికారము లేనిదై పోదు. విన్నపములు త్రోసివేయబడెను.

ఈ తర్కములో తప్పున్నదని నేననజాలను. ప్రతి ఖైదీయు శిక్ష ముగియువరకు క్రొత్తక్రొత్త దారులలో అదే వాదమును తెచ్చుచుండినచో, చచ్చినవాని భార్యాబిడ్డలు ఎన్నిసార్లు సాక్ష్యము చెప్పవలెను? పిఠాపురపు విధవరాలిని తలచుకొనుడు. తీర్పునకు ఒకచోట అంతముండవలెను. మనువు మొదటి శ్లోకము అదియే. కాని న్యాయవాది లేనివానికి తన కోర్టునకు అధికారము లేదను వాదము ఎట్లు తెలియును? చదువురాని పాలేరునకు ఇన్నాళ్లు నీవేల ఊరకుంటివని చెప్పుటకు మనస్సొప్పదు. రెండవ శ్లోకమును మన న్యాయస్థానములు గ్రహించుటకు కొంతకాలము పట్టెను. 1978లో హోస్కట్ అను ఖైదీ వ్యాజ్యములో, శిక్షపడినవానికి తీర్పునకలు రుసుము లేకుండ వెంటనే ఈయవలెననియు, అప్పీలు చేసికొనుటకు శక్తిలేనివానికి న్యాయవాదిని ప్రభుత్వమే సమకూర్పవలెననియు సుప్రీంకోర్టు చెప్పెను. అతడు నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చినవాడు; నకలు తనకు సకాలమున చేరలేదని మొరపెట్టుకొనెను. అతని అప్పీలు కూడ నెగ్గలేదు. పిఠాపురపు వ్యాజ్యమువలెనే ఇచటను సూత్రమును తెచ్చినవాడొకడు, దాని ఫలమును అనుభవించువారు వేరొకరు.

తెలంగాణ పండ్రెండుగురు ఏమైరి? కోర్టుతలుపులన్నియు మూసికొన్న పిమ్మట, దేశవిదేశములలో లేచిన విన్నపముల నడుమ, వారి ఉరిశిక్షలు యావజ్జీవ కారాగారవాసముగా మార్చబడెను. ఒక్కనిని ఉరితీయలేదు. న్యాయస్థానము చేయజాలననిన దానిని క్షమాధికారము చేసెను.

ఈ క్షమాధికారము పూర్వపు రాజుల అధికారమే. రాజ్యాంగములో 72వ అధికరణమున రాష్ట్రపతికిని, 161వ అధికరణమున గవర్నరునకును దానిని నిలిపిరి. అది న్యాయస్థానమునకు పైమెట్టు కాదు. ప్రక్కనున్న వేరొక వాకిలి. ఆ వాకిలియందు తెలుగువారికి దొరకిన ఉత్తరములు ఎల్లప్పుడు ఒకటిగా లేవు. ఆదిలాబాదు ప్రాంతపు రైతులు భూమయ్య, కిష్టాగౌడు అనువారు క్షమాభిక్ష విషయమై సుప్రీంకోర్టునకు పోగా, రాష్ట్రపతి కరుణ చూపకుండుటను తాము తప్పుపట్టజాలమని న్యాయమూర్తి కృష్ణయ్యరు చెప్పెను. 1975 డిసెంబరు 1వ తేదీన, అత్యవసరపరిస్థితి దినములలో, వారిని ఉరితీసిరి. 1993లో చిలకలూరిపేటయొద్ద బస్సు తగులబెట్టిన ఘోరములో 23 మంది చనిపోయిరి. దానికి ఉరిశిక్ష పడిన ఇద్దరు యువకుల విన్నపమును ఒక రాష్ట్రపతి త్రోసివేసెను. ఉరిదినము దగ్గరపడినపుడు సుప్రీంకోర్టు దానిని ఆపుచేసెను. మరల విన్నవించుకొనగా, తరువాతి రాష్ట్రపతి నారాయణన్‌గారు 1998లో శిక్షను యావజ్జీవముగా మార్చిరి. ఒకే విన్నపమునకు ఇద్దరు రాష్ట్రపతులు రెండు ఉత్తరములిచ్చిరి. చనిపోయిన 23 మంది యిండ్లవారికి ఇది ఎట్లుండునో కూడ తలపవలసినదే.

క్షమకును మేర యున్నదని చెప్పిన వ్యాజ్యము కూడ మన తెలుగునాటినుండియే పోయెను. 2005లో గవర్నరు ఒక ఖైదీకి శిక్ష తగ్గించగా, ఆ యుత్తర్వు అతని పార్టీని, కులమును చూచి చేసినట్లున్నదని హతుని బంధువులు మొరపెట్టుకొనిరి. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును రద్దుచేసి మరల ఆలోచింపుమనెను. అడ్డదారి కారణములతో చూపిన కరుణను న్యాయస్థానము చూడవచ్చునని ఆ తీర్పు చెప్పెను.

ఇక నేటి తలుపుల లెక్క చెప్పి ముగించెదను. 2024 జూలై 1వ తేదీనుండి పాత కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షాసంహిత అమలులోనున్నది. అప్పీళ్ల మార్గము మాత్రము హెచ్చుగా మారలేదు. మేజిస్ట్రేటు వేసిన శిక్షమీద సెషన్సు కోర్టునకు 30 దినములు, సెషన్సు కోర్టు వేసిన శిక్షమీద హైకోర్టునకు 60 దినములు, అది ఉరిశిక్షయైనచో 30 దినములు గడువు. తీర్పునకలు సంపాదించుటకు పట్టిన దినములు ఈ లెక్కలోనికి రావు. మన కోనసీమవారి హైకోర్టు తాతలనాడు చెన్నపట్టణము. 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు. 2019 జనవరి 1వ తేదీనుండి అమరావతి. నేరము ఒప్పుకొని శిక్షపొందినవానికి శిక్ష పరిమాణమును గూర్చియే తప్ప సాధారణముగా అప్పీలు లేదు. అందుచేత, ఒప్పుకొనుము, స్వల్పముతో పోవునని సలహా చెప్పు పెద్దమనుష్యులు కొంచెము ఆలోచించి చెప్పవలెను. హైకోర్టు పిమ్మట సుప్రీంకోర్టునకు పోవుట, ఉరిశిక్ష మొదలగు కొన్నిట తప్ప, హక్కు కాదు, అనుమతి. ఆ కోర్టు తీర్పునే మరల చూడుమను విన్నపమునకు 30 దినములు గడువు. దానిపైన 2002నుండి క్యూరేటివ్ పిటిషనను ఒక మిక్కిలి సన్నని సందు ఉన్నది. ఉరిశిక్ష పడినవాని పునర్విచారణ విన్నపమును మూసిన గదిలో కాగితములు చూచి తేల్చక, బహిరంగముగా విని తీర్పు చెప్పవలెనని 2014లో నియమించిరి.

అయితే మా రైతునకు కావలసినవి ఈ పెద్ద తలుపులు కావు. గడువు దాటినవానికి చట్టములోనే ఒక చిన్న తలుపు కలదు. ఆలస్యమునకు తగిన కారణము చూపి మన్నింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. మన్నించుటయు మానుటయు కోర్టు ఇష్టము. జైలులోనున్నవాడు వకీలు లేకయే తన అప్పీలు కాగితమును జైలు అధికారి చేతికీయవచ్చును. దానిని కోర్టునకు పంపుట ఆ అధికారి విధి. ఖైదీకి ప్రభుత్వవ్యయముతో న్యాయవాదిని న్యాయసేవాధికారసంస్థవారు ఇత్తురు. కొబ్బరి దింపు వరకు ఆగవలసిన పనియే లేదు. ఈ సంగతి మా రైతునకు ఎవరును చెప్పలేదు. తీర్పు చెప్పిన దినముననే ఎవరో ఒకరు చెప్పియుండవలసినది. ఆ ఊరిలో చదువుకొన్నవారు లేకపోలేదు.

మరునాడే అతనిని వెంటబెట్టుకొని పోయి అర్జీ వ్రాయించితిమి. ఆలస్యమునకు కారణమేమని గుమాస్తా అడుగగా, అతడు సిగ్గుపడుచు కొబ్బరి దింపు సంగతి చెప్పెను. అదియే వ్రాసికొనిరి. మొన్న సంక్రాంతికి లంకనుండి గుమ్మడిపండొకటి తెచ్చి యిచ్చి, ఆలస్యము మన్నించిరనియు, అప్పీలునకు నంబరు పడినదనియు, విచారణతేదీ ఇంకను రాలేదనియు చెప్పిపోయెను.